నార్పోలి బడికి తాళం పడ్డ యేడు

ఆ యేడు ఎండకాలం మా అత్త మల్లవ్వ నా చేతులకెల్లి నూలు కండె గుంజుకొని సుద్దముక్క పెట్టింది. అంతకు ముందు పొద్దుగాల లేస్తే నాకు తెలిసిన పని ఒక్కటే, సాంచెలకు కండెలు చుట్టుడు. కరెంటుతోని నడిచే మగ్గాలను మేము సాంచెలంటం. భివండీల పుట్టిన, భివండీలనే పెండ్లయింది. రూపాలి అని మా నాయిన మరాఠీ పేరు పెట్టిండు గని, నాకు నవ్వచ్చినా ఏడుపచ్చినా తెలుగుల్నే వస్తది.

భివండీల నార్పోలి బస్తీల మా గల్లీ మొగదాల తెలుగు బడి ఉండేది. రెండు గదులు, మీద రేకులు, ముంగట పిల్లలు ఉరికేటందుకు జెరంత జాగ. రెండు దిక్కుల కార్ఖానాలే. సాంచెల చప్పుడు మీదికెల్లి సారు పాఠం చెప్పేది, పిల్లలు అంతకంటె గట్టిగ ఒర్రేది. నేను ఏడో తరగతి దాక సదివింది అండ్లనే. మా శుభమ్ గాడు అప్పుడు నాలుగు పాసై అయిదుకు వచ్చిండు, అదే బడిల.

తొంబై తొమ్మిదిల, పరీక్షలయిపోయినంక, తెలుగు సంఘపోళ్లు మీటింగ్ పెట్టిండ్రు. బడి నడిపేది సంఘమే. సంఘానికి పెద్ద బుచ్చిరాములు సేఠ్. ఆయన సుత మా దిక్కోడే. ఒకప్పుడు రాత్‌పాళీల రాత్రంత సాంచెలు నడిపినోడే. తర్వాత ఒక కార్ఖానా రెండయింది, రెండు నాలుగయినయి. మా ఆయన భూషణ్ పని చేసేది ఆయన కార్ఖానాల. మేముండే ఒంటిగది ఖోళి ఆయన వరుస ఇండ్ల చాల్‌లనిది. అందుకే మీటింగుకు పోయేటప్పుడు భూషణ్ వాళ్లమ్మకు చెప్పిండు, "అమ్మా, పోయినమా, కూసున్నమా, అచ్చినమా. గంతే."

"గట్లనే బిడ్డా" అన్నది మా అత్త. కొంగు నిండుగ కప్పుకొని, ఆడోళ్లల్ల ఎనుక వరుసల నా పక్కన కూసున్నది.

సేఠ్ ముంగట కుర్చీలకెల్లి లేచిండు. తెల్ల ప్యాంటు, తెల్ల అంగీ. మంచిగనే మాట్లాడిండు, కోపం చెయ్యలేదు. "తెలుగు సదివి మన పిల్లలు ఏం కలెక్టర్లయితున్నరు? ఏడో తరగతి కాంగనే మల్ల సాంచెల మీదికే వస్తున్నరు. కాలం మారింది. జూన్ సంది ఇదే జాగల ఇంగ్లీష్ బడి పెడుతున్నం. ఫీజు కట్టెటోళ్లు అండ్ల ఎయ్యుండ్రి. కట్టలేనోళ్లకు సర్కారు మరాఠీ బడి ఉండనే ఉన్నది. తెలుగంటరా, ఇంట్ల మాట్లాడుకోండ్రి. ఎవలద్దన్నరు?"

మొగోళ్లు తలకాయలు ఊపిండ్రు. కొందరు చప్పట్లు కొట్టిండ్రు. ఇగ లేద్దామని నేను చీర సదురుకుంటున్న. పక్కకు చూస్తే మా అత్త నిలవడ్డది.

"సేఠ్, ఒక మాట అడుగుత" అన్నది.

గదిల అందరు ఎనుకకు తిరిగిండ్రు. భూషణ్ మొకం ఎట్లయిందో నాకు కనబడుతనే ఉన్నది.

"మీ మనుమలు మీతోని ఏ మాటల మాట్లాడుతరు?"

సేఠ్ నవ్విండు. "హిందీ, ఇంగ్లీష్. ఇగ ఈ జమానా పిల్లలు కద మల్లవ్వా."

"మరి మీ ఇంటామెకు సమజైతదా?"

ఎవలో కిసుక్కున నవ్విండ్రు. సేఠ్ నవ్వలేదు.

"నేను పోయిన దీపావళికి సూరత్ పోయిన, నా బిడ్డ ఇంటికి" అన్నది మా అత్త. "బిడ్డకు ఇద్దరు పిల్లలు. పిల్లలు పుట్టినంక అదే మొదలు సూసుడు. మురుకులు చేసుకొని పోయిన, లడ్డూలు చేసుకొని పోయిన. దగ్గరికి తీసుకొని, కథ చెప్పుత రా కొడుకా అన్న. ఆ పిలగాడు నా మొకం సూసి, వాళ్లమ్మను పిలిచి అడిగిండు, ఏ బుడ్ఢీ క్యా బోల్తీ హై అని. ఈ ముసల్ది ఏమంటున్నది అనుడు. నా రక్తమే. నా మాట వానికి అందలేదు. ఉన్నన్ని దినాలు మూగదాని తీరు తిన్న, పన్న, అచ్చిన. సేఠ్, ఇంట్ల మాట్లాడుకోండ్రి అంటున్నరు. నా బిడ్డ ఇంట్ల సుత అందరు మాట్లాడుకుంటమనే అనుకున్నరు."

గంతే అన్నది. కూసున్నది. ఎవలు చప్పట్లు కొట్టలేదు. సేఠ్ ఇంకో సంగతి ఎత్తుకున్నడు. గని మీటింగ్ అయిపోయి బయటికి వచ్చేటప్పుడు ఇద్దరు ముగ్గురు ఆడోళ్లు మా అత్త చెయ్యి పట్టుకొని ఊకెనే నిలవడ్డరు. ఒకామె కండ్లు తుడుసుకున్నది.

ఇంటికి రాంగనే భూషణ్ మొదలువెట్టిండు.

"ఈ ఖోళి ఎవలది అమ్మా?"

"సేఠ్‌ది."

"నా పని ఎవలిది?"

"పని నీదే కొడుకా. సాంచెలు సేఠ్‌వి."

"నవ్వులాటనా నీకు? వాడు బయటికి నడువుమంటె యాడికి పోతం?"

"నడువుమననీ. అప్పుడు సూద్దం" అని మా అత్త పొయ్యికాడ కూసొని జొన్నరొట్టె కొట్టుడు మొదలువెట్టింది. మొదటి రొట్టె పెనం మీద ఏసి, నా దిక్కు తిరిగింది. "నువ్వు ఏడు సదివినవు కద?"

"సదివిన. అన్ని మరిచిపోయిన అత్తమ్మా."

"అక్షరాలు సుత మరిచిపోయినవా?"

"లేదు."

"అయితే సాలు. రేపటి సంది పిల్లలను కూసోవెట్టు. కండెలు నేను సుడుత."

భూషణ్ రొట్టె తినకుంటనే లేచి పోయిండు.

చాల్ ఎనుక నీళ్ల టాకీ ఉండేది. పగటీలి దాక దాని నీడ ఉంటది. ఆ నీడల చాప పరిచినం. మొదటి దినం శుభమ్ గాడు, వాని దోస్తులు కొందరు వచ్చిండ్రు. వాళ్లకు నేను రూపాలక్కను, లేకుంటె శుభమ్ వాళ్లమ్మను. నా చేతిల సుద్దముక్క చూసి నవ్విండ్రు. నాకు సుత నవ్వొచ్చింది. ఏం చెప్పాల్నో తెల్వక అ, ఆ నుంచి మొదలువెట్టిన. అయిదో తరగతి పిల్లలు, "అక్కా, అవి మాకు ఎప్పుడో వచ్చు" అన్నరు.

ఒక ముచ్చట ఇప్పటికీ యాదికున్నది. సాంచెల చప్పుట్ల పెరిగినోళ్లం, గట్టిగ మాట్లాడుడే మాకు అలవాటు. పక్క కార్ఖానా ఖటఖట నడుస్తుంటె నేను గొంతు చించుకొని ఎక్కాలు చెప్పిస్తున్న. అంతల్నే కరెంటు పోయింది. సాంచెలన్నీ ఒక్కపారి బంద్. నేను సోయిలేక అదే తీరుగ ఒర్రుతనే ఉన్న. చాల్‌లకెల్లి జనం ఏమైందో అని బయటికి ఉరికొచ్చిండ్రు. పిల్లలు చాప మీద పడి పొర్లిండ్రు. ఆ దినం సంది వాళ్లకు నేనంటె బుగులు పోయింది. నాకు వాళ్లంటె పోయింది. తెల్లారి ఇంకింతమంది వచ్చిండ్రు.

కనకయ్య సారు నాకు చిన్నప్పుడు సదువు చెప్పిన సారే. సంఘం జీతం మీద ఉన్నోడు, రిటైరుకు దగ్గర పడ్డడు. ఒక దినం టాకీ కాడికి వచ్చి, సంచిలకెల్లి సుద్దముక్కల డబ్బా, పాత తెలుగు వాచకాలు తీసి చాప మీద పెట్టిండు.

"సేఠ్‌కు నా పేరు చెప్పకు బిడ్డా" అన్నడు మెల్లగ. పోబోయి మల్ల ఆగిండు. "ఒకటి యాదిపెట్టుకో. తల్లిభాషల సదువుకునుడు మన పిల్లల హక్కు. రాజ్యాంగంల రాసి ఉన్నది. ఎవల ముంగటన్న నిలవడి అడగవలసి వస్తె, దయ చూపెట్టుమన్నట్టు అడగకు."

మా అత్త కండెలు చుట్టుకుంట ఆ మాట విన్నది. "హక్కు" అని రెండు మూడుపార్లు నోట్లనే అనుకున్నది, కొత్త కూర రుచి చూసినట్టు.

జూన్ వచ్చింది. బడి గేటుకు తాళం పడ్డది. మీదున్న తెలుగు బోర్డు పీకేసిండ్రు. గోడకు మేకుల బొక్కలు మిగిలినయి. ఫీజు కట్టగలిగినోళ్లు ఇంగ్లీష్ బడి ఎప్పుడు తెరుస్తరా అని చూస్తున్నరు. చానామంది మరాఠీ బడికి తోలిండ్రు. భూషణ్ సుత శుభమ్‌ను చెయ్యి పట్టుకొని తీస్కపోయి అండ్ల ఏసిండు. మా అత్త అడ్డం పడలేదు. "తండ్రివి, నీ ఇష్టం" అన్నది. తెల్లారి మాత్రం నన్ను, కడమ పిల్లలను తీసుకొని పోయి తాళం వేసిన గేటు ముంగట చాప పరిచింది. అందరు నడిచే తొవ్వల, సేఠ్ స్కూటరు పోయే తొవ్వల.

సేఠ్ వచ్చిండు, ఆగిండు. "ఏంది మల్లవ్వా ఇది?"

"బడి సేఠ్."

"బడికి తాళం ఏసినం కద."

"తాళం లోపటి బడికి. ఇది బయటి బడి."

ఆయన స్కూటరు ముంగటికి తీసిండు. గని ఎనుకకెల్లి పోయే జనం ముసిముసిగ నవ్వుడు ఆయనకు వినవడ్డది.

ఆ వారంల్నే ఒక దినం శుభమ్ మరాఠీ బడికెల్లి వచ్చి సంచి మూలకు ఇసిరిండు. వాడు మరాఠీ గడగడ మాట్లాడుతడు. గల్లీల ఆడుకున్నదంత మరాఠీ పిల్లలతోనే. వాళ్ల టీచరమ్మ సుత మంచిదే. అయినా వాని మొకం మాడిపోయి ఉన్నది.

"అమ్మా, యండుగుండు అంటె ఏంది?"

మా తెలుగోళ్లను, మా మాటను ఎక్కిరించెటందుకు ఇక్కడోళ్లు అనే మాట అది. భూషణ్ రాత్‌పాళీ చేసి పండి లేచి, మొకం కడుక్కుంటున్నడు.

"ఎవలన్నరు?" అని అడిగిండు.

"అందరు. ఏ యండుగుండు, ఇటు రా అంటరు. నేను మరాఠీల్నే జవాబు చెప్పిన. అయినా నవ్విండ్రు. మరాఠీ మాట్లాడుతున్న కద నాయినా, మరి ఎందుకు నవ్వుతరు?"

భూషణ్ తువ్వాలతోని మొకం తుడుసుకున్నడు. అప్పుడన్నడు, "నేను చిన్నప్పుడు బస్టాండు కాడ చాయ్ హోటల్ల పని చేస్తుంటె నన్ను సుత అదే అన్నరు. ఇప్పటికీ గదేనా?" 

తెల్లారి పొద్దుగాల శుభమ్‌ను చెయ్యి పట్టుకొని భూషణే తాళం వేసిన గేటుకాడికి తోల్కవచ్చిండు. చాప మీద కూసోవెట్టి, వాళ్లమ్మ దిక్కు చూడకుంట మర్రిపోయిండు. మా అత్త సుత ఆయన దిక్కు చూడలేదు. పిలగానికి జెర జరిగి జాగ ఇచ్చింది.

ఇగ వాన దిగింది. భివండీ వాన తెలిసినోళ్లకు తెలుస్తది. రోడ్డు ఏది, మోరీ ఏది తెల్వదు. చాప తడిసి బరువెక్కింది. పిల్లలు గోడకు అతుక్కొని నిలవడ్డరు. సంఘం హాలు ఖాళీగ ఉన్నది, పిల్లలను అండ్ల కూసోనియ్యుండ్రి అని అడిగితె, చావి సేఠ్ కాడ ఉన్నదన్నరు.

అప్పుడు శారమ్మ వచ్చింది, గోనెసంచి నెత్తి మీద కప్పుకొని.

శారమ్మోళ్లది గల్లీ ఆఖరుకు. క్రిస్టియన్లు. ఆమె పెనిమిటి దానియేలు అద్దకపు కార్ఖానాల పని చేస్తడు. వాళ్ల బిడ్డ బ్లెస్సీ మా శుభమ్ తరగతే. ఇంటి పక్కన రేకుల షెడ్డు ఒకటి కట్టుకొని ఆదివారం ఆదివారం తెలుగుల ప్రార్థన చేసుకుంటరు. సంఘం మీటింగులకు వాళ్లను ఎన్నడు పిలిచేది లేదు. తెలుగోళ్ల సంఘమే గని, తెలుగోళ్లంటె వాళ్లు లెక్కల్లకు రారు. మేము సుత ఆ ఇంటి మొకాన పోయినోళ్లం కాదు.

"మల్లవ్వా, పిల్లలు తడుత్తున్నరు. మా ప్రార్థన గది ఖాళీగనే ఉన్నది. తీసుకరాండ్రి" అన్నది.

ఆడోళ్లు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. దుర్గవ్వ అని మా పక్క ఖోళి ఆమె, ముగ్గురు పిల్లల తల్లి, గట్టిగనే అన్నది, "అండ్లకు పోతె మా పిల్లలను మీ మతంల కలుపుకోరా?"

శారమ్మకు కోపం రావాలె. రాలేదు. గోనెసంచి సదురుకున్నది. "ఆదివారం మాది. కడమ దినాలు అక్షరాలవి. నీకు అనుమానముంటె నువ్వే అచ్చి తలుపుకాడ కూసో దుర్గవ్వా. నేను మా బ్లెస్సీ కోసం పిలుత్తున్న. అది సుత వానల్నే నిలవడ్డది, నీ పిల్లల తీరుగనే."

వాన కొడుతనే ఉన్నది. అందరు మా అత్త దిక్కు చూస్తున్నరు. మా అత్త శారమ్మ దిక్కు చూస్తున్నది, ఏందో కొత్తగ చెవిల పడ్డట్టు.

"ఏమన్నవు? పిలుత్తున్న అన్నవా?"

"అన్న. ఏమైంది?"

"పిలుస్తున్న అంటలేవు. పిలుత్తున్న అన్నవు. గట్ల మా అవ్వ అనేది. మీ ఊరేది శారమ్మా?"

శారమ్మ ఊరు పేరు చెప్పింది. మా అత్త పుట్టిన ఊరికి పక్క ఊరే అది, నడుమ ఒక వాగు అడ్డం. ఒకే గల్లీల ఇన్నేండ్లు ఉండి, ఒకే నల్లకాడ నీళ్లు పట్టి, ఆ సంగతి మా అత్త అడగలేదు. ఆమె చెప్పలేదు.

"అవ్వో, వాగవతల నుంచి అచ్చినవా నువ్వు" అని మా అత్త తడిసిన చాప సుట్టి సంకల పెట్టుకున్నది. "పాండ్రి పిల్లలూ."

ప్రార్థన గది తలుపుకాడ చెప్పులు ఇడిచి ముందుగాల తనే లోపలికి అడుగు పెట్టింది. దుర్గవ్వ ఆఖరుకు వచ్చింది, శారమ్మ అన్నట్టుగనే తలుపుకాడ కూసున్నది. శారమ్మ పాత చీరముక్క తెచ్చి పిల్లల తలకాయలు తుడిసింది. దుర్గవ్వ పిల్లలయి సుత. అందరికి చాయ్ పోసింది. మా అత్త తాగింది. నేను తాగిన. దుర్గవ్వ గిలాస చేతిల పట్టుకొని చానాసేపు కూసున్నది, చల్లారినంక తాగింది.

ఆ వానకాలమంత బడి అండ్లనే నడిచింది. ఎనుక గోడకు నల్లరంగు పూసి దానియేలు బోర్డు తయారు చేసిండు. చిన్నపిల్లలకు బ్లెస్సీ చెప్పేది, పెద్దోళ్లకు నేను. తెల్వనియి పొద్దుమూకి కనకయ్య సారు ఇంటికి పోయి నేర్చుకొని వచ్చేది.

సేఠ్ ఊకుంటడా? ఒకనాడు కార్ఖానాల భూషణ్‌ను ఆఫీసుల్లకు పిలిచిండు. ఆ ముచ్చట భూషణ్ ఇంటికి వచ్చి చెప్తె విన్నం.

"మీ అమ్మను అచ్చి తప్పయిందని అనుమను. లేకుంటె రేపటి సంది సాంచెల మీదికి రాకు. ఖోళి సుత ఖాళీ చేసుడే" అన్నడట సేఠ్.

"నువ్వేమన్నవు?" అని నేను అడిగిన.

భూషణ్ అంగీ ఇడిచి కొయ్యకు తగిలేసిండు. "మా అమ్మ ఇంటికాడనే ఉంటది, మీరే పోయి అడుగుండ్రి సేఠ్ అన్న" అన్నడు.

మా అత్త చుట్టుతున్న కండె ఆపింది. కొడుకు దిక్కు నిమ్మలంగ చూసింది. ఏడుస్తదేమో అనుకున్న. "బువ్వ తిందువు రా" అన్నది.

భూషణ్ భివండీ బయట కాల్హేర్ గోదాముల మాల్ ఎత్తే పనికి పోయిండు. ఎన్నడు బరువులు మోసినోడు కాదు. పోగు తెగితె గాలిల్నే పట్టుకొని ముడేసే చేతులు అవి. మొదట్ల సాయంత్రం వచ్చి వీపు నేలకు ఆనించి పండేటోడు. నాకు దుఃఖం వచ్చేది. ఒక దినం అడిగిన, "పోయి సేఠ్ కాళ్లు పట్టుకుందమా?" అని.

"ఇప్పుడా?" అన్నడు కండ్లు తెరవకుంటనే. "ఇన్ని దినాలు మోసినంకనా?"

సామాన్లు సర్దుకొని గల్లీ ఆఖరుకు, శారమ్మోళ్ల ఎనుక ఒక చిన్న ఖోళిల్లకు వచ్చినం. పైకెల్లి నీళ్లు కారేది. గిన్నెలన్నీ నేల మీద పరిచి పండేది.

సేఠ్‌కు ఇంగ్లీష్ బడి మంజూరు థానేల ఉన్న విద్యాశాఖ ఆఫీసుకెల్లి రావాలె. దాని కోసం ఆఫీసరు జాగ చూడ వస్తున్నడని కనకయ్య సారు చెప్పిండు. ఈపారి సంచిల దాచుకొని రాలేదు, పట్టపగలు ప్రార్థన గది తలుపుకాడ అందరి ముంగట నిలవడి చెప్పిండు. "తెలుగు పిల్లలు ఒక్కరు సుత లేరు, అందరు ఎల్లిపోయిండ్రు అని సేఠ్ చెప్పిండట. మీరే చూపెట్టాలె." ఆ దినం సంది సారు సుత మాతోనే కూసున్నడు.

ఆఫీసరు జీపు బురదల వచ్చి గేటుకాడ ఆగింది. సేఠ్, సంఘపోళ్లు ఛత్రీలు పట్టుకొని నిలవడ్డరు. తాళం తీసిండ్రు, గదులు చూపెట్టిండ్రు. ఆయన బయటికి వస్తుంటె మా అత్త ఎదురు పోయింది. ఎనుక నేను, శారమ్మ, దుర్గవ్వ, సారు.

మా అత్త బజార్ల మరాఠీ మంచిగనే మాట్లాడుతది. కూరగాయలమ్మే శాంతాబాయితోని పొద్దంత జగడం పెట్టుకోగలుగుతది. ఆ దినం మాత్రం తెలుగుల్నే మొదలువెట్టింది. "సారూ, మా బడి ఇక్కడ లేదు. అగో, అక్కడున్నది. అచ్చి సూడుండ్రి."

ఆఫీసరుకు సమజ్ కాలేదు. సేఠ్ ముంగటికి వచ్చి మరాఠీల, "సదువురాని ఆడోళ్లు సాహెబ్, పట్టించుకోకుండ్రి" అన్నడు.

నేను మా అత్త చెవిల, "మరాఠీల చెప్పు అత్తమ్మా" అన్న.

"నేను నా మాటల్నే చెప్పుత. నువ్వు మరాఠీల చెయ్యి. గందుకే కద సదివినవు."

చేసిన. ఆఫీసరు నా దిక్కు, మా అత్త దిక్కు చూసిండు. ప్యాంటు మడిచిండు. మా ఎంట నడిచిండు.

ప్రార్థన గది నిండ పిల్లలు. మరాఠీ బడికి పోయినోళ్లు సుత కొందరు ఆ దినం వచ్చి కూసున్నరు. ఎక్కం చెప్పుమన్న. రేకులు ఎగిరిపోయేటట్టు చెప్పిండ్రు. ఆఫీసరుకు మాటలు తెల్వకున్నా, ఏలు మీద లెక్క పెట్టుకుంట తల ఊపిండు. తర్వాత బ్లెస్సీని మరాఠీల అడిగిండు, "నీకు మరాఠీ వస్తదా?"

"వస్తది సాహెబ్. హిందీ సుత వస్తది" అన్నది బ్లెస్సీ చక్కటి మరాఠీల.

ఆయన మా అత్త దిక్కు తిరిగిండు. "ఆజీ, ఇంత మంచిగ మరాఠీ వస్తుంటె మరాఠీ బడికి ఎందుకు తోలరు?"

నేను తెలుగుల చెప్పిన. మా అత్త ఆలోచన చెయ్యలేదు.

"మరాఠీ అద్దని ఎవలన్నరు సారూ? అది మాకు అన్నం పెట్టే మాట. బజార్ల దొరుకుతది, బస్సుల దొరుకుతది, ఇంటి బయట అడుగు పెడితె దొరుకుతది. మా మాట ఈ గది తప్ప ఇంకెక్కడ దొరుకుతది? ఇది సుత తీసుకుంటె మేము యాడికి పోయి తెచ్చుకోవాలె? మేము దయ అడుగుత లేము. ఇది మా పిల్లల హక్కు."

ఆ ఆఖరు మాట నేను మరాఠీల చెయ్యలేదు. హక్కు అనే మాట మరాఠీల సుత అదే, ఆయనకు సమజైంది. బయట వాన, లోపట పిల్లలు.

సేఠ్ తలుపుకాడ నిలవడ్డడు. గది లోపలికి రాలేదు. ఆఫీసరు ఆయనతోని కోపం లేకుంట అన్నడు, "మీ బడికి మంజూరు తెలుగుకు ఇచ్చిండ్రు. పిల్లలు లేరన్నరు. ఉన్నరు కద. వీళ్లు ఉన్నంత కాలం దాన్ని మూసి అదే జాగల ఇంకో బడి పెట్టనియ్యం. ఇంగ్లీష్ బడి పెట్టుకుంటె వేరే జాగ చూసుకోండ్రి."

గంతే. జీపు ఎక్కి పోయిండు. మేము గెలిచినమా లేదా అని మాకు సుత అప్పుడు సమజ్ కాలేదు. శారమ్మ చాయ్ పెట్టింది.

గణపతులు నీళ్లల్ల కలిసినంక గేటు తాళం తీసిండ్రు. మొత్తం ఇయ్యలేదు, ఒక్క గదే ఇచ్చిండ్రు. రెండో దాంట్ల సంఘపోళ్లు తానుల మూటలు ఏసుకున్నరు. కనకయ్య సారుకు జీతం మల్ల మొదలయింది, రిటైరయ్యేదాక చెప్పిండు. నాకు మొదట్ల జీతం లేకుండె. తర్వాత పది ప్రైవేటుగ కట్టి పాసయిన, టీచరు ట్రైనింగ్ చేసిన. భూషణ్ మల్ల సాంచెల మీదికి పోలేదు, కాల్హేర్ గోదాముల్నే ఉండిపోయిండు. ఆ పాత ఖోళి మాకు మల్ల దొరకలేదు.

గేటు తెరిచిన పొద్దుగాల సంగతి చెప్పుత. పిల్లలు వరుసల లోపలికి పోతున్నరు. దుర్గవ్వ పిల్లలు, బ్లెస్సీ, శుభమ్, కొత్తగ చేరినోళ్లు. మా అత్త, శారమ్మ గేటుకు చెరొక దిక్కు నిలవడ్డరు. సేఠ్ స్కూటరు ఆపిండు. దిగలేదు.

"గెలిచిన అనుకుంటున్నవా మల్లవ్వా? ఏం సంపాదించినవు? ఖోళి పాయె, కొడుకు పని పాయె. ముసల్దానా, నీ మొండితనం మన్నుల కలువ" అని నోటికి వచ్చినన్ని తిట్టిండు. గల్లీ జనం ఆగి విన్నరు.

మా అత్త అన్ని వినుకుంట నిలవడ్డది. ఆయన తిట్టి తిట్టి ఆగినంక నవ్వింది. ఇన్నేండ్లల్ల ఆయనను సేఠ్ అనకుంట పిలుసుడు నేను అదే మొదలు విన్న.

"సూసినవా తమ్మీ" అన్నది. "అంత కోపం అచ్చినా నీకు తిట్లు తెలుగుల్నే అచ్చినయి."

సేఠ్ స్కూటరు కిక్ కొట్టిండు. అది ఒక్కపారికి స్టార్ట్ కాలేదు.

మా అత్త నా దిక్కు తిరిగింది. "ఏం సూత్తున్నవు? లోపటికి నడువు. పిల్లలు కూసున్నరు."